కవిత చదువుదాం – ఏడో పాఠం: మీ పాదంలో ఎవరి నడక ఉంది?

పోయిన పాఠంలో ఊపిరి సంగతి చూశాం. కవితను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకుని, ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోమన్నాను. వారం రోజులు గట్టిగా చదివి ఉంటే ఆ గీతల్లో కొన్ని మీరే చెరిపేసి ఉంటారు, కొన్ని కొత్తవి పెట్టుకుని ఉంటారు. అదే కావాల్సింది. ఆ కాగితం పారేయకండి, ఇవాళ కూడా దానితో పని ఉంది.

కవిత చదవడం అయిపోయాక ఎవరో ఒకరు అడుగుతారు, "మీ మీద ఎవరి ప్రభావం ఉంది?" అని. నల్లగొండలో పదిమంది కూర్చున్న చిన్న గదిలోనైనా, వందమంది ఉన్న సభలోనైనా ఈ ప్రశ్న తప్పదు. చాలామంది దీన్ని మర్యాదకు అడిగే ప్రశ్న అనుకుని నాలుగు పెద్ద పేర్లు చెప్పి కూర్చుంటారు. ఒకప్పుడు నేనూ అదే చేశాను.

చాలా ఏళ్ల కింద పాలమూరులో ఉగాది కవిసమ్మేళనం. నా కవిత చదివాను. ప్రభావం గురించి అడిగితే ఏడెనిమిది పేర్లు గబగబా చెప్పాను. ముందు వరసలో రిటైరైన తెలుగు సారు ఒకాయన ఉన్నాడు. ఆయన కోపమేమీ లేకుండా, "మంచిది బిడ్డా, వాళ్లల్ల ఒక్కరివి నాలుగు లైన్లు సదువు, విందాం" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. పేర్లు తెలుసు, పుస్తకాలు చదివాను, కానీ ఒక్కరి నాలుగు పాదాలు కూడా నా నాలుక మీద లేవు. ఆ రాత్రి బస్సులో ఇంటికి వస్తూ దారంతా అదే ఆలోచించాను, నా గొంతులోకి ఎప్పుడూ దిగని కవి నా కవితలోకి మాత్రం ఎట్లా దిగుతాడు అని.

అందుకే ఈ పాఠానికి ఒక కట్టుబాటు పెట్టుకుందాం. ఒక కవి పేరు చెప్పాలంటే ముందు ఆయన పాదం గట్టిగా చదవాలి. వెంటనే మన పాదం చదవాలి. మాట్లాడటం ఆ తర్వాతే. ప్రభావం అనేది చెవికి వినిపించేది, వినిపించనిదాన్ని ఎంత వివరించినా వినేవాళ్లకు అందదు.

మొదట మనది కాని కవిత మీద సాధన చేద్దాం. గురజాడ 1910లో ముత్యాల సరాలతో ఒక కొత్త నడక తెచ్చాడు. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, మళ్లీ నాలుగు. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సమయం. దీర్ఘానికి, సున్నా ఉన్న అక్షరానికి, ఒత్తుకు ముందున్న అక్షరానికి రెండు మాత్రలు పడతాయి. తొడ మీద చేత్తో తాళం వేస్తూ, మూడు మొదలైన చోట ఒక దెబ్బ, నాలుగు మొదలైన చోట ఒక దెబ్బ వేస్తూ చదవండి:

దేశ – మును ప్రే – మించు – మన్నా

"ప్రే"లో ఒత్తు ఉంది కదా అని దాని ముందున్న "ను"ను సాగదీయకండి. అది వేరే మాట చివర ఉన్న అక్షరం, పొట్టిగానే పలుకుతుంది. ఐదుసార్లు చదివి చెయ్యి ఆపకుండా, తాళం మార్చకుండా, ఇది చదవండి:

నేను – సైతం – ప్రపం – చాగ్నికి

చెయ్యి అదే చోట పడింది కదా? రెండో పాదం శ్రీశ్రీది, మహాప్రస్థానంలోది. గురజాడది అన్నకు చెప్పే మంచి మాట, శ్రీశ్రీది మంట. మాటలు వేరు, కోపతాపాలు వేరు, కాలం వేరు. నడక మాత్రం ఒక్కటే, మూడు నాలుగు మూడు నాలుగు. బడి పుస్తకాల్లో కవిత్రయం అంటే నన్నయ, తిక్కన, ఎర్రన. శ్రీశ్రీ తన కవిత్రయం తిక్కన, వేమన, గురజాడ అన్నాడు. అందులో గురజాడ పేరు ఎందుకుందో ఇప్పుడు మీ చేతికే తెలిసింది. ఈ రెండు పాదాలు వరసగా చదివి వినిపిస్తే, ప్రభావం అంటే ఏమిటో పదో తరగతి పిల్లవాడికైనా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. నేను ఇంటర్ పిల్లల ముందు చేసి చూశాను, వాళ్లే బల్లల మీద దరువు వేయడం మొదలుపెట్టారు.

ఒక జాగ్రత్త. తాళం సాధన కోసమే. సభలో చదివేటప్పుడు తాళం లోపల నడవాలి, పైకి అర్థం నడవాలి. "దేశ... మునుప్రే..." అని విరిచి చదివితే వినేవాళ్లకు దేశమూ ప్రేమా రెండూ వినపడవు. కాబట్టి మొదటి ఐదుసార్లు చేత్తో, తర్వాత ఐదుసార్లు చెయ్యి లేకుండా, మామూలుగా అన్నకు చెప్పినట్టు చదవండి.

ఇప్పుడు ఇదే పరీక్ష మీ కవితకు పెట్టండి. నాకు నేను పెట్టుకున్నప్పుడు బాధ కలిగింది, ఆ మాట దాచను. పాత నోటుబుక్కు తీసి ఒక్కో కవితా గట్టిగా చదివితే తొమ్మిది కవితలు "నేను" అని మొదలై అదే మూడు నాలుగు నడకతో పరిగెత్తాయి. నడక తీసుకోవడం తప్పు కాదు, శ్రీశ్రీ కూడా గురజాడ దగ్గర తీసుకున్నాడు. నేను మాటలు కూడా తీసుకున్నాను, ఆయన కోపం కూడా తీసుకున్నాను. ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషుల మధ్య నల్లగొండ జిల్లాలో పెరిగినవాణ్ని, ఆ తొమ్మిది కవితల్లో ఒక్కదాంట్లోనూ వాళ్లు లేరు. మనసులో చదువుకున్నన్నాళ్లూ ఇది నాకు తెలియలేదు. గట్టిగా, ఒకదాని వెంట ఒకటి చదివినప్పుడే తెలిసింది. మీకూ ఇట్లాంటిది కనిపిస్తే టెన్షన్ పడకండి, కవిత చింపకండి. పక్కన ఆ కవి పేరు రాసి పెట్టుకోండి, తర్వాతి పాఠాల్లో పనికొస్తుంది.

ఇప్పుడు వేమన. ఈ పద్యం రాని తెలుగువాళ్లు తక్కువ, అందుకే దీన్ని సరిగ్గా వినేవాళ్లూ తక్కువ.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

ఆటవెలది ఇది. ప్రతి పాదంలో మూడు గణాలయ్యాక, అంటే మూడు అక్షరాల గుంపులయ్యాక, నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదిరే చోటు. మనం చిన్నప్పటి నుంచి అక్కడ ఆగడానికి అలవాటుపడ్డాం. మొదటి పాదంలో ఆగితే ఇబ్బంది లేదు, "ఉప్పు కప్పురంబు" అన్నాక ఒక క్షణం, తర్వాత "నొక్క పోలిక నుండు". ఉప్పులోని ఉ, ఒక్కలోని ఒ పొత్తు. రెండో పాదంలో "చూడ", "జాడ" ప్రాసతో కలిశాయి, అక్కడా ఆగవచ్చు. మూడో పాదానికి వచ్చేసరికి చిక్కు. యతి దగ్గర ఆగితే "పురుషులందు పుణ్య" అని ఆగి "పురుషులు వేరయా" అనాలి. పుణ్యపురుషులు అనే ఒక్క మాట రెండు ముక్కలైపోతుంది. బడిలో మనమంతా అట్లాగే ముక్కలు చేసి చదివాం.

నా అభిప్రాయం ఏమిటంటే, అక్కడ ఆగకండి. "పురుషులందు" అన్నాక చిన్న విరామం ఇచ్చి "పుణ్యపురుషులు" ఒక్క ఊపిరిలో చదవండి. రెండు "పు"లు దగ్గర దగ్గరగా ఎట్లాగూ మోగుతాయి, యతి ఎక్కడికీ పోదు. చివరి పాదాన్ని దడదడ చదివేయడం కూడా మానండి. కొంచెం నెమ్మదిగా, ఎదుటివాణ్ని పేరు పెట్టి పిలిచినట్టు చదవండి. ఉప్పునూ కర్పూరాన్నీ చూపించి, మూడో పాదంలో మనిషి వైపు తిరిగాడు కవి. ఆ తిరగడం వినేవాళ్లకు తెలియాలి.

ఆ మలుపు మన పాత నల్లగొండ జిల్లాలోనే మళ్లీ వినిపిస్తుంది. భువనగిరిలో పుట్టిన ఎన్. గోపి గారు వేమన మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు, తర్వాత నానీలు అనే పొట్టి కవితలు తెచ్చారు. నాలుగు పాదాలు, 20 అక్షరాలకు తగ్గకూడదు, 25కు మించకూడదు. మొదటి రెండు పాదాల్లో ఒక భావం, చివరి రెండు పాదాల్లో దానికి తోడు వచ్చే ఇంకో భావం. ఛందస్సు లేదు, అయినా రెండు పాదాలయ్యాక అదే మలుపు ఉంది. వేమనతో ఏళ్ల తరబడి గడిపిన మనిషికి ఆ మలుపు చెవిలో మిగలకుండా ఉంటుందా? ఇది నేను విన్నదాన్ని బట్టి చెబుతున్న మాట, మీరూ చదివి చూడండి.

సాధన కోసం నేను ఒకటి రాశాను:

కరువు పోయిందన్నారు
కాలువ చూసి.
బస్టాండులో అమ్మ
ఇంకా సంచితోనే

లెక్కపెట్టండి, సరిగ్గా 25 అక్షరాలు. పాలమూరులో కూలికి వలసపోతూ బొంబాయి బస్సు కోసం సంచులు పట్టుకుని కూర్చున్నవాళ్లను చూసినవాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. "చూసి" దగ్గర పూర్తిగా ఆగాలి, ఒకటి రెండు అని మనసులో లెక్కపెట్టుకుని అప్పుడు "బస్టాండులో" అనాలి. తొందరపడితే కవిత మొత్తం ఒక వార్తలా వినిపిస్తుంది. ఇక ప్రభావం అడిగారనుకోండి, నేను వేమన పద్యం మూడు పాదాలు చదివి, నా నానీ చదివి, "వస్తువును చూపించి మనిషి వైపు తిరగడం ఇక్కడ నేర్చుకున్నాను, నీతి చెప్పడం మాత్రం తీసుకోలేదు" అంటాను. అంతే. తీసుకున్నది ఒకటి, వద్దనుకున్నది ఒకటి. రెండోది చెప్పడం చాలామంది మరిచిపోతారు, కానీ మీరు ఎవరో తెలిసేది అక్కడే.

ప్రభావం పుస్తకాల్లోంచే రావాలని లేదు. పైన రెండు లెక్కపెట్టి ఆగమన్నానే, ఆ ఆగడం నాకు మా అమ్మ బతుకమ్మ పాట నుంచి వచ్చింది. ఆమె ఒక చరణం అని ఆగేది, చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అని అందుకునేదాకా ఎదురుచూసేది. వాళ్లు అందుకోకపోతే రెండో చరణం ఎత్తుకునేది కాదు. వినేవాళ్లకు చోటు వదలడం అంటే అదే. ఈ మాట సభలో మొదటిసారి చెప్పినప్పుడు సిగ్గుపడ్డాను, పెద్ద పేరు కాదు కదా అని. ఇప్పుడు అందరికంటే ముందు ఆ పేరే చెబుతాను, పాట కూడా పాడి వినిపిస్తాను. మీ ఇంట్లో నాటేసేటప్పుడు పాడినవాళ్లు, ఒగ్గుకథ వినిపించినవాళ్లు, గొల్లసుద్దులు చెప్పినవాళ్లు ఉంటే వాళ్లను వదలకండి. వాళ్ల మాట వాళ్ల యాసలోనే చదవండి, "వస్తుండు"ను మైకు ముందు "వస్తున్నాడు" చేయకండి.

దగ్గరి కవుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు, అందులో 354 మంది కవులు ఉన్నారు. గ్రంథాలయంలో దొరికితే తీసి మీ ఊరికి దగ్గరి కవి ఎవరైనా ఉన్నారేమో వెతకండి. ఉంటే ఆ పద్యం గట్టిగా చదవండి, అర్థం కాకపోయినా మొదట గట్టిగానే.

వినేవాళ్ల వరసలో ఉన్నప్పుడు కూడా ఒక పని ఉంది. "మీకు ఇన్‌స్పిరేషన్ ఎవరు?" అని అడగకండి, పేర్ల జాబితా వస్తుంది. "ఫలానా పాదం దగ్గర ఎందుకు ఆగారు?" అని అడగండి. కవి ఒక్క క్షణం తడుముకుంటాడు, తర్వాత తనకు నేర్పినవాళ్ల గురించి తానే మొదలుపెడతాడు. మా నెలవారీ కూడికలో ఈ ఒక్క ప్రశ్న మార్చుకున్నాక మాటలు గంట సేపు సాగుతున్నాయి, ఇంతకుముందు పది నిమిషాల్లో టీ వైపు లేచేవాళ్లం.

ఈ వారం ఇంటిపని. పోయినసారి గీతలు పెట్టుకున్న కాగితం తీసి, దాని వెనక వైపు ఒకే ఒక్క కవివి నాలుగు పాదాలు రాయండి, చూడకుండా చెప్పేదాకా చదవండి. ముందు ఆయనవి, వెంటనే మీవి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒక రోజు ఆగి వినండి. రెండూ ఒకే గొంతులా వినిపిస్తే మీ పాదాల్లో ఒక మాట మార్చి మళ్లీ రికార్డు చేయండి. ఎనిమిదో పాఠంలో మైకు పట్టుకుందాం, బెత్తెడు దూరం, "ప" "భ" దగ్గర మొహం కొంచెం పక్కకు. ఆ కాగితం అప్పుడూ కావాలి.