వేటలో వాడే స్పాటింగ్ స్కోపుకు ట్రైపాడ్, హెడ్ ఎలా ఎంచుకోవాలి?

స్పాటింగ్ స్కోపు కొనేటప్పుడు లెన్సు గురించి నెలల తరబడి ఆలోచించేవాళ్లు, ట్రైపాడ్ దగ్గరికొచ్చేసరికి చేతికందిన కెమెరా స్టాండుతో సరిపెట్టేస్తారు. పని చెడేది అక్కడే. దూరపు జంతువును 60 రెట్లు పెంచి చూపించే స్కోపు, స్టాండు వణుకును కూడా అన్నే రెట్లు పెంచి చూపిస్తుంది. స్కోపు ఒక డిగ్రీలో పదో వంతు పక్కకు జరిగిందంటే, కిలోమీటరు దూరంలో మీ చూపు 1.75 మీటర్లు తప్పినట్టే. ఆ దూరంలో 60 రెట్ల దగ్గర కనిపించే మొత్తం వెడల్పే సుమారు 20 మీటర్లు. కొమ్ముకు ఎన్ని కొనలున్నాయో, ఎదురుగా ఉన్నది పోతో పెంటో తేల్చుకోవాల్సిన సమయంలో బొమ్మ ఊగుతుంటే ఎంత ఖరీదైన అద్దమైనా అక్కరకు రాదు. దేన్ని కాల్చవచ్చో, దేన్ని వదిలేయాలో తుపాకీ ఎత్తకముందే తేలిపోవాలి. అందుకే ట్రైపాడ్‌ను నేను స్కోపులో సగంగా లెక్కేస్తాను.

ముందు హెడ్‌ను (కాళ్ల మీద కూర్చుని స్కోపును పట్టి తిప్పే భాగాన్ని), ఆ తర్వాతే కాళ్లను ఎంచుకోండి. గంటల కొద్దీ మీ చేయి ఆడేది హెడ్ మీదే. ఈ రెండింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది.

మొదట: మీరు ఎలా కూర్చుని చూస్తారు?

నేల మీద కూర్చుంటే పెద్దవాళ్ల కంటి ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుంది. మీరు ఎక్కువగా కూర్చునే చూస్తారనుకుంటే పొడవాటి కాళ్లను గుట్టల మీద మోయడం దండగ. నిలబడి చూడాల్సిన చోట్లు కూడా ఉంటే లెక్క మారుతుంది. మీ కంటి ఎత్తు 160 సెంటీమీటర్లు అనుకుందాం. హెడ్‌కు 10-12, స్కోపు అడుగు నుంచి ఐపీస్ (కన్ను పెట్టి చూసే భాగం) దాకా మరో 8-10 తీసేస్తే, కాళ్లు 140 సెంటీమీటర్ల దాకా లేవాలి. అదీ మధ్య కడ్డీని పైకి లాగకుండా. ఎత్తైన పొదల మీదుగా, వాలు నేల మీద చూడాలంటే ఇంకాస్త మిగులు ఉండాలి.

స్కోపు ఆకారాన్ని బట్టి కూడా ఎత్తు మారుతుంది. ఐపీస్ వంగి ఉండే యాంగిల్డ్ స్కోపులోకి తల వంచి చూస్తాం కాబట్టి ట్రైపాడ్ పొట్టిగా ఉన్నా చాలు. పొట్టి ట్రైపాడ్ ఎప్పుడూ గట్టిగానే నిలబడుతుంది. కింద కూర్చుని పైవాలును వెతికేవాళ్లకు ఇది హాయి. కొండ మీద నుంచి లోయలోకి చూసేవాళ్లకూ, బండిలో కూర్చుని చూసేవాళ్లకూ స్ట్రెయిట్ స్కోపు సులువు. దానికి మాత్రం ట్రైపాడ్ మీ కంటి దాకా రావాల్సిందే.

హెడ్: ఇక్కడ తొందరపడకండి

కెమెరావాళ్లు ఎక్కువగా వాడేది బాల్ హెడ్. ఒక్క నాబ్ వదులు చేస్తే అన్ని వైపులా తిరుగుతుంది. ఫొటోకు అది సుగుణం, స్కోపుకు అదే చిక్కు. నాబ్ వదిలిన క్షణంలో రెండు కిలోల స్కోపు ముందుకు వాలిపోతుంది. ఎదుటి వాలును ఎడమ నుంచి కుడికి వెతుకుతుంటే బొమ్మ పక్కకు ఒరిగిపోతూ ఉంటుంది. బిగించేటప్పుడు గురి కాస్త జరుగుతుంది. 20 రెట్ల దగ్గర దీన్ని సర్దుకోవచ్చు గానీ 50 దాటాక ప్రాణం విసిగిపోతుంది. చిన్న బైనాక్యులర్లకైతే బాల్ హెడ్, తుపాకీ పిడిలా పట్టుకుని తిప్పే పిస్టల్ గ్రిప్ హెడ్ రెండూ బాగానే పనికొస్తాయి. గింబల్ హెడ్ పొడవాటి కెమెరా లెన్సుల కోసం పుట్టింది. అంత బరువును వీపున వేసుకుని కొండెక్కడంలో అర్థం లేదు.

స్కోపుకు కావాల్సింది అడ్డంగా తిరగడం, పైకీ కిందికీ వంగడం వేర్వేరుగా ఉండే ఫ్లూయిడ్ హెడ్. లోపలి భాగాల మధ్య చిక్కటి గ్రీజు ఉండటం వల్ల కదలిక నూనెలో జారినట్టు ఒకే తీరున సాగుతుంది. దాన్ని చేతితో ఆడించి చూశాకే కొనండి. స్కోపు బిగించి, జూమ్ పూర్తిగా పెంచి, దూరంగా ఉన్న ఏదో ఒక అంచు వెంట చాలా నెమ్మదిగా తిప్పండి. కొన్ని హెడ్‌లు ముందు మొరాయించి, తర్వాత ఒక్కసారిగా దూకుతాయి. మేస్తున్న మందలో ఒక్కో తలనూ చూడబోతే ఆ దూకుడుకు రెండు తలలు దాటిపోతాయి. అలాంటిది వద్దు. తర్వాత హ్యాండిల్ వదిలేయండి. బొమ్మ ఆపిన చోటే నిలవాలి. మెల్లగా కిందికి జారినా, స్ప్రింగులా వెనక్కి వచ్చినా ఇంకో హెడ్ చూసుకోండి. చివరగా లాక్ బిగించండి. బిగించినప్పుడు బొమ్మ కదలకూడదు.

చాలా వీడియో హెడ్‌లలో కెమెరా బరువుకు సమతూకంగా నిలవడానికి లోపల స్ప్రింగు ఉంటుంది. పెద్ద కెమెరా కోసం పెట్టిన గట్టి స్ప్రింగు, ఒకటిన్నర కిలోల స్కోపును పైకి తన్నుతూనే ఉంటుంది. అందుకే "పెద్ద హెడ్ అయితే మంచిదేగా" అనుకోకండి. ముందు అద్దం వెడల్పు 65 మిల్లీమీటర్లున్న స్కోపులు చాలావరకు ఒకటిన్నర కిలోల లోపు, 85 మిల్లీమీటర్లవి రెండు కిలోల చుట్టూ ఉంటాయి. హెడ్ ఆ బరువుకు తగ్గట్టు ఉండాలి. గడ్డకట్టే చలిలో తిరిగేవాళ్లు ఇంకో సంగతి చూడాలి: నాసిరకం గ్రీజు చలికి బిగుసుకుపోతుంది.

ప్లేటు, సమతూకం

హెడ్‌నూ స్కోపునూ కలిపే ప్లేటును చాలామంది పట్టించుకోరు. చాలా హెడ్‌లు, స్కోపులు ఇప్పుడు ఆర్కా-స్విస్ తరహా ప్లేటుతో వస్తున్నాయి. దాని వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లు. అయితే ఈ కొలతను అందరూ ఒకేలా పాటించరు. ఒక కంపెనీ ప్లేటు ఇంకో కంపెనీ లీవర్ క్లాంపులో (ప్లేటును మీటతో బిగించి పట్టే భాగంలో) వదులుగా ఉండొచ్చు, అసలు పట్టకపోనూవచ్చు. స్క్రూతో బిగించే క్లాంపు అయితే తేడాను సర్దుకుంటుంది. రకరకాల పరికరాలు మార్చి వాడేవాళ్లకు నేను స్క్రూ క్లాంపే చెబుతాను.

పొడవాటి ప్లేటు తీసుకుంటే స్కోపును ముందుకో వెనక్కో జరిపి సమతూకం కుదుర్చుకోవచ్చు. హెడ్ వదులు చేసినా స్కోపు ఏ వైపూ వాలకుండా ఉండే చోటు దొరికితే ప్లేటు మీద ఒక గీత పెట్టుకోండి. సమతూకం కుదిరితే చిన్న హెడ్ కూడా పెద్దదానిలా పనిచేస్తుంది. బైనాక్యులర్ల అడాప్టరుకూ అదే తరహా ప్లేటు పెట్టుకుంటే ముందు బైనాక్యులర్లతో విస్తారంగా వెతికి, ఏదైనా కదిలితే చటుక్కున స్కోపు ఎక్కించవచ్చు.

ఇక కాళ్లు

కార్బన్ ఫైబర్ తేలిక, వణుకును త్వరగా అణచుకుంటుంది, చలిలో పట్టుకున్నా చేతిని కొరకదు. ఖరీదెక్కువ, రాతికి గట్టిగా తగిలితే పగులుతుంది. అల్యూమినియం బరువెక్కువ గానీ దెబ్బ తగిలితే సొట్టపోయి ఊరుకుంటుంది. మైళ్లు నడిచేవాళ్లు కార్బన్‌కు, బండి పక్కనే ఉండేవాళ్లు అల్యూమినియంకు పోవచ్చు.

పదార్థం కన్నా ముఖ్యమైనది గొట్టం లావు, ముక్కల సంఖ్య. ఒక్కో కాలికి మూడు ముక్కలుంటే గట్టిగా ఉంటుంది, నాలుగుంటే సంచిలో ఇముడుతుంది. అయిదు ముక్కలుంటే అట్టడుగు గొట్టం పుల్లలా తేలుతుంది. పెద్ద స్కోపుకు పై గొట్టం 28 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. మధ్య కడ్డీ పైకి లేపితే మూడు కాళ్ల మీద ఒక ఊగే కర్ర పెట్టినట్టే. అసలు అది లేనిదో, తీసేయగలిగేదో మేలు. అప్పుడు కాళ్లు నేల దాకా పరుచుకుంటాయి కూడా.

పెట్టె మీద రాసే "ఇన్ని కిలోలు మోస్తుంది" అన్న అంకెకు అందరూ ఒప్పుకున్న కొలమానం ఏదీ లేదు. అది విరగకుండా మోసే బరువును చెబుతుంది, కదలకుండా నిలిపే బరువును కాదు. దాన్ని చూసి కొనకండి.

కొనే ముందు పరీక్ష

మీ స్కోపునే తీసుకెళ్లి బిగించండి. మీరు వాడే ఎత్తుకే కాళ్లు పెట్టండి. దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలను జూమ్ పూర్తిగా పెంచి చూస్తూ స్కోపు ముందు భాగాన్ని వేలితో తట్టండి. ఒక సెకను అటూ ఇటూగా అక్షరాలు నిలిచిపోతే బాగున్నట్టు. రెండు మూడు సెకన్లు ఊగుతూనే ఉంటే అది మీకు పనికిరాదు. తర్వాత ఫోకస్ తిప్పుతూ చూడండి. తిప్పుతున్నప్పుడు కూడా అక్షరం చదవగలగాలి. నా దృష్టిలో అన్నిటికన్నా నిజం చెప్పే పరీక్ష ఇదే, ఎందుకంటే వేటలో మీ చేయి ఫోకస్ మీద పదే పదే పడుతుంది. అన్ని లాకులూ బిగించి హెడ్ కింది పలకను చేతితో కాస్త మెలితిప్పితే కాళ్ల కీళ్లలో వదులు ఉంటే అదీ బయటపడుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఎండ పొద్దున నేల నుంచి లేచే వేడి గాలికి బొమ్మ నీటి కింద ఉన్నట్టు అలలుగా కదులుతుంది. జంతువు ఆకారం మసకబారుతుంది గానీ ఉన్న చోటు మారదు. ఆ తప్పు ట్రైపాడ్‌ది కాదు, జూమ్ తగ్గించి చూడాలి. బొమ్మ మొత్తం ఒక్కటిగా ఎగిరిపడితేనే ట్రైపాడ్‌ను అనుమానించండి.

అడవిలో వాడేటప్పుడు

లావుగా ఉన్న పై ముక్కలను ముందు లాగండి, సన్నవాటిని చివరికి ఉంచండి. వాలు మీద పల్లం వైపు కాళ్లను ఎక్కువ లాగి పై పలకను మట్టంగా తెచ్చుకోండి, లేకపోతే స్కోపు తిప్పుతుంటే చూపు వాలిపోతూ ఉంటుంది. గాలి వీస్తుంటే ఎత్తు తగ్గించి, కాళ్లు వెడల్పు చేసి, ట్రైపాడ్ నడుమ ఉండే కొక్కేనికి సంచి తగిలించండి. సంచి అడుగు నేలను తాకుతూ ఉండాలి, లేకపోతే అదే ఊగి స్కోపునూ ఊపుతుంది. స్కోపుకు వేలాడే పట్టీలనూ, రెపరెపలాడే తొడుగునూ తీసేయండి.

మట్టిలో, తడిలో తిరిగొచ్చాక కాళ్లను తడిగా మడవకండి. మెలితిప్పే లాకుల్లో ఇసుక చేరితే విప్పి తుడిచి ఆరబెట్టండి, ఉప్పునీరు తగిలితే మంచినీటితో కడగండి. మీటలా తెరిచి మూసే ఫ్లిప్ లాకులు వదులైతే వాటి పక్కనున్న చిన్న స్క్రూను కాస్త బిగిస్తే చాలు. హెడ్‌ను ఎడమ వైపుకు పదే పదే తిప్పడం వల్ల అడుగు స్క్రూ తెలియకుండానే వదులవుతుంది. చాలా ట్రైపాడ్‌లకు పై పలక కింద దీన్ని ఆపే చిన్న స్క్రూలు ఉంటాయి. వాటిని బిగించే అలెన్ కీని స్కోపు సంచిలోనే పెట్టుకుని, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.