విడిభాగాల బొమ్మను కంప్యూటర్‌లో సరిగ్గా గీయడం ఎలా?

డ్రిప్ సామాను కొన్న రైతుకు దాంతోపాటు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఫిల్టర్ ఎలా విప్పాలి, జాలీ ఎలా కడగాలి, మళ్లీ ఏది ముందు ఏది వెనక బిగించాలి అన్నదంతా అందులో ఒకే ఒక్క బొమ్మ చెప్పాలి. మా అనంతపురం వైపు చీనీ తోటలు చాలావరకు బోరు నీళ్ల మీదే బతుకుతున్నాయి. ఆ నీళ్లలో ఇసుక వస్తుంది కాబట్టి ఫిల్టర్ విప్పడం రైతుకు మాటిమాటికీ ఉండే పని. మూత కింది రబ్బరు రింగు మరిచిపోతే నీళ్లు కారతాయి. జాలీ అంచున ఉండే రింగు మరిచిపోతే ఇసుక పక్క సందులోంచి లేటరల్ పైపుల్లోకి, అంటే చెట్ల వరుసల వెంట పరిచే సన్న పైపుల్లోకి, పోయి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఇంత బరువు మోసే బొమ్మను చాలామంది ఫోటో మీద నాలుగు గీతలు లాగి పది నిమిషాల్లో ఇచ్చేస్తున్నారు. పన్నెండేళ్లుగా నేను ఈ పనే చేస్తున్నాను. నా దగ్గరికి సరిచేయమని వచ్చే బొమ్మల్లో తప్పు దాదాపు ప్రతిసారీ ఒకేచోట ఉంటుంది. ఆ చోటు గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

కావలసినవి

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ చాలు. ఉచితంగా దొరుకుతుంది, 2003 నుంచి ఉంది. కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ అలవాటైనవాళ్లు వాటిలోనే చేసుకోవచ్చు, లెక్కలు మారవు. వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్ ఒకటి, స్కేలు, ఫోన్ కెమెరా ఉండాలి. అసలు వస్తువు మాత్రం మీ బల్ల మీద ఉండి తీరాలి. క్యాటలాగు ఫోటో చూసి గీయకూడదు. ఫోటోషాప్‌లో అసలే గీయకూడదు. అక్కడ గీత చుక్కలుగా ఉంటుంది, పెద్దది చేస్తే అంచు మెట్లు మెట్లుగా పగులుతుంది.

1. విప్పండి, కొలవండి, ఫోటో తీయండి

ఫిల్టర్‌ను మీ చేత్తోనే విప్పండి. విప్పిన వరుసలోనే భాగాలను పాత పేపరు మీద పేర్చండి: మూత, రబ్బరు రింగు, జాలీ, బాడీ. ప్రతి దాని వ్యాసం, ఎత్తు రాసుకోండి. ఫోటో తీసేటప్పుడు దగ్గరికి పోకుండా రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేయండి. దగ్గర నుంచి తీస్తే ముందున్నది లావుగా, వెనకున్నది సన్నగా పడుతుంది. ఈ ఫోటో గుర్తు కోసమే, దాని మీద గీయడానికి కాదు.

2. గ్రిడ్ పెట్టుకోండి

గ్రిడ్ అంటే గీయడానికి ఆసరాగా ఉండే గళ్ల గీతలు. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో గ్రిడ్స్‌కు వెళ్లి ఆక్సోనోమెట్రిక్ (ఏటవాలు గీతలున్నది) ఎంచుకోండి. రెండు కోణాలూ 30 డిగ్రీలు ఉండాలి. పేజీని అచ్చయ్యే సైజులోనే తెరవండి. ఇలాంటి పుస్తకాలు ఎక్కువగా ఏ5లో వస్తాయి, అంటే 148 × 210 మి.మీ. పెద్దగా గీసి తర్వాత తగ్గిద్దామనుకుంటే గీతల మందం మీ చేతిలో ఉండదు.

ఈ 30 డిగ్రీల పద్ధతికి ఐసోమెట్రిక్ అని పేరు. కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన విలియం ఫారిష్ 1822లో దీన్ని నియమాలతో సహా రాసి పెట్టాడు. క్లాసులో చూపే యంత్రాల నమూనాలను విడిభాగాల నుంచి ఎవరైనా చూసి బిగించగలగాలన్నది ఆయన అవసరం. మన రైతుకు ఉన్న అవసరం కూడా అదే. దూరం పోయేకొద్దీ చిన్నదయ్యే బొమ్మలో కొలత పోతుంది. ఇందులో మూడు వైపులా కొలత నిలుస్తుంది. అందుకే ఇలాంటి పుస్తకానికి నేను వేరే ఏ పద్ధతినీ ఒప్పుకోను.

3. వలయాలు గీయడం

అసలు కష్టం ఇక్కడ ఉంది. ఫిల్టర్‌లో మూత, రింగు, జాలీ, బాడీ, పైపు నోళ్లు అన్నీ గుండ్రమే. ఐసోమెట్రిక్‌లో గుండ్రం దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది, అంటే కోడిగుడ్డులా కాకుండా రెండు వైపులా సమంగా సాగిన వలయంగా. దాని పొడవుకూ వెడల్పుకూ ఒక కచ్చితమైన లెక్క ఉంది. చాలామంది కంటికి బాగుందనిపించినంత నొక్కేసి వదిలేస్తారు. మూతకు ఒక నొక్కు, రింగుకు ఒక నొక్కు, జాలీకి ఇంకొకటి. ఒక్కో భాగాన్ని ఒక్కో ఎత్తు నుంచి చూసినట్టు ఉంటుంది. చూసేవాడికి కారణం తెలియదు కానీ బొమ్మ నమ్మబుద్ధి కాదు.

లెక్క ఇది. అసలు వ్యాసాన్ని 1.2247తో గుణిస్తే పొడుగు ఇరుసు, అంటే వలయం మధ్యగా పోయే పొడవాటి కొలత, వస్తుంది; 0.7071తో గుణిస్తే పొట్టి ఇరుసు, అంటే దానికి అడ్డంగా ఉండే కొలత, వస్తుంది. బొమ్మలో 60 మి.మీ. వ్యాసం కావాలంటే ఎలిప్స్ టూల్‌తో ఒక వలయం గీసి, పైన వెడల్పు గడిలో 73.5, ఎత్తు గడిలో 42.4 అని టైప్ చేయండి. ఈ గడులు గీత మందాన్ని కూడా కలిపి కొలుస్తాయి కాబట్టి కొలత పెట్టేంతసేపు గీతను తీసేసి రంగు నింపి ఉంచండి. మౌస్‌తో లాగి సరిపెట్టవద్దు. 60 మి.మీ.కి 73.5 ఎందుకు అంటే, నిజంగా ఆ కోణం నుంచి చూస్తే అన్ని కొలతలూ 0.816 వంతుకు తగ్గి కనిపించాలి. మనం తగ్గించకుండా గీస్తాం కాబట్టి మొత్తం బొమ్మ ఆ మేరకు పెద్దదవుతుంది. భాగాలన్నీ ఒకే లెక్కలో పెరుగుతాయి కనుక ఇబ్బంది లేదు.

రెండో సంగతి వలయం ఎటు వాలాలన్నది. దీన్ని గోడ మీద రాసి పెట్టుకోండి: పొట్టి ఇరుసు ఎప్పుడూ ఆ గొట్టం పోయే దిక్కులోనే ఉండాలి. నిలువు బాడీకి పొట్టి ఇరుసు నిలువుగా ఉంటుంది, అది సులువు. కానీ నీళ్లు వచ్చే పైపు బాడీ పక్క నుంచి 30 డిగ్రీల గీత మీద బయటికి వస్తుంది కదా, దాని నోటికి కూడా పొట్టి ఇరుసు ఆ 30 డిగ్రీల గీత మీదే పడాలి. అంటే మొదటి వలయాన్ని కాపీ చేసి సరిగ్గా 60 డిగ్రీలు తిప్పాలి, కుడివైపు పైపుకు ఒక వైపు, ఎడమవైపు పైపుకు ఇంకో వైపు. చాలామంది ఈ నోటిని గుడ్డులా నిలువుగా నిలబెట్టేస్తారు. అప్పుడు పైపు చివర నలిగినట్టు కనిపిస్తుంది. నేను మొదట్లో చేసిన ఒక పుస్తకంలో ఇదే తప్పు చేశాను. అచ్చయి పంచాక ఒక రైతు పుస్తకం పట్టుకొచ్చి, బొమ్మలో వేలు పెట్టి, "ఈ పైపు కొస ఇట్ల వంకరగా కోసుకోవాల్నా సార్?" అని అడిగాడు. నిజంగానే కోసుకుని ఉంటే బాధ్యత నాదే. ఆ తర్వాత తిప్పిన కోణం అంకెల్లో చూసుకోకుండా ఒక్క బొమ్మ కూడా బయటికి పంపలేదు.

మూడోది రబ్బరు రింగు. రింగుకు బయటి వలయం, లోపలి వలయం ఉంటాయి. బయటిదాన్ని ఇన్‌సెట్ ఆదేశంతో లోపలికి కుదిస్తే పని అయిపోయిందనుకుంటారు. అది తప్పు. ఇన్‌సెట్ చుట్టూ ఒకే దూరం లోపలికి తెస్తుంది. నిజమైన రింగును ఆ కోణం నుంచి చూడండి: కుడి ఎడమ చివర్లలో వెడల్పుగా, ముందు వెనకల సన్నగా కనిపిస్తుంది. కాబట్టి లోపలి వ్యాసానికి కూడా పైన చెప్పిన లెక్కే మళ్లీ వేసి వేరే వలయం గీయాలి, రెండిటి కేంద్రాలూ కలపాలి. అప్పుడే అది చదునుగా పడుకున్న రింగులా కనిపిస్తుంది. లేకపోతే అంచు లేచిన గిన్నెలా ఉంటుంది.

మామూలు వృత్తాన్ని గీసి నిలువుగా 86.6 శాతానికి తగ్గించి, 30 డిగ్రీలు వాల్చి, 30 డిగ్రీలు తిప్పే పద్ధతి కూడా ఉంది. లెక్క ప్రకారం అదీ సరైనదే. అయితే వాల్చినప్పుడు గీత కూడా వాలి ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా అయిపోతుంది. పాత్‌గా (మామూలు గీతల ఆకారంగా) మార్చి సరిచేయవచ్చు కానీ ఆ అడుగు మరిచిపోయేవాళ్లే ఎక్కువ. నేరుగా అంకెలు టైప్ చేయడమే మేలు. పాలిటెక్నిక్‌లో కంపాస్‌తో నేర్పే నాలుగు కేంద్రాల పద్ధతిని ఇక్కడికి తేవద్దు, అది ఉజ్జాయింపు మాత్రమే.

ఫోటోను ఆటోమేటిక్‌గా గీతలుగా మార్చే ట్రేస్ ఆదేశం కూడా వద్దు. ఆ ఆదేశానికి నీడకూ అంచుకూ తేడా తెలియదు. మూత మీద పడిన ట్యూబ్‌లైట్ వెలుగును కూడా గీతగా గీసి పెడుతుంది.

4. గొట్టాలు పూర్తి చేసి, విడదీయండి

వలయాన్ని కాపీ చేసి కిందికి దించి, పొడుగు ఇరుసు చివరలను రెండు నిలువు గీతలతో కలిపితే గొట్టం సిద్ధం. కింది వలయంలో వెనక సగం కత్తిరించండి. అడుగును తిన్నటి అడ్డగీతతో ముగించవద్దు. తర్వాత ఒక్కో భాగాన్నీ గ్రూప్ చేసి, ఒకే నిలువు గీత మీద పైకి జరపండి. పక్కకు ఒక్క మిల్లీమీటరు కూడా జరగకూడదు. రింగు సన్నది కాబట్టి దాని చుట్టూ ఖాళీ ఎక్కువ వదలండి. అందరూ మరిచిపోయేది అదే కనుక ముందు కంటికి కనబడాల్సింది అదే.

5. గీతల మందం

బయటి అంచుకు 0.5 మి.మీ., లోపలి గీతలకు 0.25, భాగాల నుంచి వాటి అంకెల దగ్గరికి పోయే గీతలకు 0.18. సాంకేతిక బొమ్మల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 128లోని వరుస ఇది. హెయిర్‌లైన్ (అతి సన్నని గీత) వాడితే తెర మీద ఉంటుంది, జిరాక్స్‌లో మాయమవుతుంది. ప్రిఫరెన్సెస్‌లో సైజుతోపాటు గీత మందం మారే టిక్‌ను ముందే తీసేయండి. రంగులు, నీడలు అక్కర్లేదు.

6. పేర్లు, ప్రెస్సు

భాగాల పేర్లు బొమ్మలో రాయకూడదు. అంకెలు పెట్టి, పేర్లు కింద జాబితాలో ఇవ్వండి. గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. పీడీఎఫ్ చేసేటప్పుడు అక్షరాలను పాత్‌లుగా మార్చే ఆప్షన్ తప్పకుండా ఎంచుకోండి. లేకపోతే ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు ఒత్తులు చెల్లాచెదురవుతాయి. ఇంక్‌స్కేప్ పీడీఎఫ్‌లో నలుపు ఆర్‌జీబీగా (తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో) వెళ్తుంది, కాబట్టి ఒక్క నలుపు సిరాకే మార్చమని ప్రెస్సువాళ్లకు చెప్పండి. చెప్పకపోతే నాలుగు రంగుల్లో పడి సన్నగీతలు మసకబారతాయి.

7. పంపే ముందు

అసలు సైజులో ఒక ప్రింట్ తీసి, దాన్ని జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌ను మళ్లీ ఒకసారి జిరాక్స్ తీయించండి. చేతికి చేతికి మారేది ఆ మూడో కాపీయే. దాన్నీ, విప్పి పెట్టిన ఫిల్టర్‌నూ ఎప్పుడూ ఫిల్టర్ ముట్టని ఒకరి ముందు పెట్టి మీరు మాట్లాడకుండా కూర్చోండి. నేను మా ఇంటి పక్క టైలరు గారిని పిలుస్తాను. పోయినసారి ఆయన జాలీని తలకిందులుగా పెట్టారు. బొమ్మలో జాలీ రెండు చివరలూ ఒకేలా ఉన్నాయి. మూసి ఉన్న చివరకు ఒక వలయం చేర్చి, తెరిచి ఉన్న చివర లోపలి అంచు కనబడేలా గీసి మళ్లీ ఇచ్చాను. రెండోసారి ఆయన నన్ను ఏమీ అడగకుండా బిగించేశారు. ఆ రోజు సాయంత్రం ఫైలు ప్రెస్సుకు పంపాను.