బీటిల్ రన్నింగ్ బోర్డులు: పాతవే బాగు చేసుకోండి

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కొన్నవాళ్లు తుప్పు పట్టిన రన్నింగ్ బోర్డులను (తలుపుల కింద కాలు పెట్టి ఎక్కే పలకలను) పాత ఇనుము కొట్టుకి వేసేసి కొత్త జత తెప్పించుకుంటారు. నేనైతే వద్దంటాను. బజార్లో వచ్చే చవక బోర్డు మీద కాలు పెడితేనే వంగుతుంది. కారుతో వచ్చిన జర్మన్ బోర్డు రేకు మందం. పైకి ఎంత గలీజుగా కనిపించినా లోపల ప్రాణం ఉంటుంది. పైగా 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలంటున్నాయి. బోర్డు ఒక్కటే మారితే ఎవరూ అడ్డు చెప్పరనుకోండి, కానీ అసలుది చేతిలో ఉండగా ఎందుకు పారేయడం?

ముందు విప్పడం. బాడీ వైపు నాలుగు బోల్టులు, ముందు వెనక ఫెండర్ల (చక్రాల మీది మడ్గార్డుల) దగ్గర చెరొకటి. బోల్టు తలకు సరిపోయే స్పానర్ తీసుకోండి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. మర్నాడు విప్పేముందు బోల్టును ఓ వెంట్రుకవాసి బిగించి, ఆ తర్వాత వదులు చేయండి. బాడీ వైపు బోల్టులు హీటర్ ఛానల్లోకి, అంటే తలుపుల కింద పొడవునా ఉండే వేడిగాలి గొట్టంలాంటి ఇనుప పెట్టెలోకి, వెళ్తాయి. అక్కడ ఒకటి విరిగిందంటే డ్రిల్లు, ట్యాపు, ఇక టెన్షనే. ఆ నాలుగింటిని పూర్తిగా తీయక్కర్లేదు, బోర్డుకి గాళ్లున్నాయి; వదులు చేస్తే కిందికి జారి వచ్చేస్తుంది. బోర్డు తీశాక ఛానల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. అది లోపలికి దిగితే బోర్డు సంగతి పక్కనపెట్టి టింకర్ మేస్త్రిని పిలవాలి. బాడీ బలం చాలావరకు ఆ ఛానల్లోనే ఉంది.

బోర్డు పైన అతికించి ఉండే రబ్బరు దగ్గర తొందరపడొద్దు. అంచుల్లో మాత్రమే లేచి, మధ్యలో గట్టిగా ఉంటే పీకకండి. సబ్బునీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. పెట్రోలు, థిన్నరు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. లేచిన అంచు కింద వైర్ బ్రష్‌తో గీకి, ఇనుము పూర్తిగా ఆరాక, చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు జిగురు రెండు వైపులా పల్చగా రాయండి. తడి మీద అతికిస్తే రెండ్రోజుల్లో లేస్తుంది. వేలు పెడితే అంటుకోకుండా, కొంచెం జిగటగా మాత్రమే ఉన్నప్పుడు నొక్కి, చెక్కముక్క అడ్డం పెట్టి క్లాంపు వేయండి. రబ్బరు పగిలి పెళుసైపోతే మాత్రం హీట్ గన్‌తో (వేడిగాలి కొట్టే యంత్రంతో) వేడి చేస్తూ మొత్తం తీసేయడమే.

బోర్డు అంచున క్లిప్పులతో ఉండే అల్యూమినియం పట్టీని చివర నుంచి పల్చటి చెక్క బద్దతో మెల్లగా లేపండి. మధ్యలో పట్టి లాగితే వంకర పోతుంది, ఆ వంకర మళ్లీ తీయలేం.

అసలు తుప్పంతా అడుగున ఉంటుంది. చక్రాలు చిమ్మిన బురద చివర్లలో, మడతల్లో పేరుకుని తడి పట్టి ఉంచుతుంది. విశాఖలాంటి ఉప్పుగాలి ఊళ్లో మరీను. దాన్ని గీకేసి వైర్ బ్రష్ పట్టించండి. మిగిలిన మచ్చలకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ రాసి, కడిగి, ఎండలో ఆరబెట్టండి. చిల్లు పడితే సీఆర్ షీటు (నున్నని ఇనుప రేకు) ముక్క కోసి వెల్డింగ్ చేయించండి. చిల్లు మీద లప్పం పూస్తానన్న మేస్త్రికి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒక్క వానాకాలం కూడా ఆగదు. రేకు శుభ్రమైన రోజే ఎపాక్సీ ప్రైమరు, దాని మీద నల్లరంగు. పట్టీ క్లిప్పులు దిగే రంధ్రాల అంచులకు కూడా రంగు తగలాలి. అల్యూమినియం, ఇనుము, తడి కలిస్తే తుప్పు మళ్లీ అక్కడే మొదలవుతుంది.

బిగించేటప్పుడు ఫెండర్‌కీ బోర్డుకీ మధ్య రబ్బరు వాషర్ మరవకండి. అది లేకపోతే ఇనుము ఇనుము రాసుకుని రంగు పోతుంది, చప్పుడు కూడా. ఆరు బోల్టులకూ గ్రీజు రాసి ముందు వదులుగా పెట్టండి. తలుపు మూసి, తలుపు అడుగు అంచుకీ బోర్డుకీ మధ్య సందు రెండు చివర్లా ఒకేలా ఉందో చూసుకుని, అప్పుడు బిగించండి.