చైనా రాజవంశాల చరిత్ర చదవడం ఎలా? 4వ పాఠం: గద్దె దిగుతూ రాసిచ్చిన కాగితం

పోయిన పాఠంలో బిరుదుల జాబితా చూసి అసలు అధికారం ఎవరి చేతిలో ఉందో పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈసారి ఇంకాస్త కష్టమైన పత్రం: కీలుబొమ్మ చక్రవర్తి "ఇష్టపూర్వకంగానే రాజ్యం అప్పగిస్తున్నాను" అని ఇచ్చే ప్రకటన.

క్రీ.శ. 420లో తూర్పు జిన్ వంశపు చివరి చక్రవర్తి గోంగ్ ఇచ్చినదాన్ని తీసుకుందాం. ఆయన అసలు పేరు సీమా దవెన్. రాజధాని జియాన్‌కాంగ్, అంటే ఇప్పటి నాన్‌జింగ్. పెత్తనమంతా సేనాని ల్యూ యూది, గద్దె అప్పగించిందీ ఆయనకే.

ముందుగా చిత్తుప్రతి ఎవరు రాశారో వెతకండి. షౌయాంగ్‌లో ఒక విందులో ల్యూ యూ, వయసైపోయింది, పదవులు వదిలేసి రాజధానిలో విశ్రాంతి తీసుకుంటానన్నాడు. అందరూ పొగిడి ఊరుకున్నారు. ఫు ల్యాంగ్ అనే అధికారికి మాత్రం బయటికి వచ్చాక విషయం వెలిగింది. అప్పటికే తలుపులు మూసేసినా, తట్టి మరీ లోపలికెళ్లి, తాను వెంటనే రాజధానికి వెళ్లాలన్నాడు. ఇద్దరూ అసలు మాట ఎత్తలేదు. ఎంతమంది మనుషులు కావాలని మాత్రమే ల్యూ యూ అడిగాడు. ఆ ఫు ల్యాంగే చిత్తుప్రతి తెచ్చి చక్రవర్తి ముందు పెట్టాడు. చక్రవర్తి దాన్ని తన చేత్తో ఎర్ర కాగితం మీద ఎత్తి రాశారు. కొన్నాళ్లు గద్దె ఆక్రమించిన సేనాని హ్వాన్ ష్వెన్ తిరుగుబాటుతోనే జిన్ పని అయిపోయిందనీ, ల్యూ యూ వల్ల దాదాపు 20 ఏళ్లు నిలిచిందనీ, ఇప్పుడు మనస్ఫూర్తిగానే రాస్తున్నాననీ అన్నారట.

ఆ 'మనస్ఫూర్తి' దగ్గర ఆగి, ఆయన గద్దె ఎలా ఎక్కారో చూడండి. అన్న ఆన్ చక్రవర్తికి మాట రాదు, ఆకలీ చలీ కూడా తెలిసేవి కావు. దవెన్ ఆయన్ని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండేవారు. దవెన్‌కి జబ్బు చేసి పక్కన లేని సమయం చూసి ల్యూ యూ మనిషి ఆ అన్నను గొంతు బిగించి చంపాడు. తర్వాత దవెన్‌ని కూర్చోబెట్టింది ల్యూ యూనే. కలం పట్టిన మనిషికి ఇదంతా తెలుసు. అది గుర్తుపెట్టుకుని చదివితే ఆ ఒక్క మాట ఎంత బరువుగా ఉంటుందో తెలుస్తుంది.

ఇక పత్రం తర్వాతి పేజీలు తప్పకుండా తిప్పండి. 421లో గద్దె దిగిన ఈ చక్రవర్తికి విషం ఇమ్మని ల్యూ యూ పంపిన జాంగ్ వెయ్, పాత యజమానిని చంపలేక దారిలో ఆ విషం తానే తాగేశాడు. భార్య చూ లింగ్‌యువాన్ భర్తకు వంట కళ్లెదుటే చేసి పెట్టేది. చివరికి ఆమె సోదరులే ఆమెను మాటల కోసం వేరే గదికి పిలిచారు. ఆ సందులో సైనికులు గోడ దూకి వచ్చారు. ఆత్మహత్య చేసుకుంటే మళ్లీ మనిషి జన్మ ఉండదని బౌద్ధం చెబుతుందంటూ ఆయన విషం తాగనన్నారు. దుప్పటితో ఊపిరాడకుండా చేసి చంపేశారు.

220లో గద్దె దిగిన హాన్ చక్రవర్తి షియాన్ 234 దాకా బతికారు. హాన్ తర్వాత వచ్చిన వేయ్ వంశపు చివరి చక్రవర్తి త్సావ్ హువాన్‌ని జిన్ వంశమే దించింది, అయినా ప్రాణం తీయలేదు. ప్రకటనల భాష చూస్తే దాదాపు ఒకటే. తేడా తెలిసేది ముందూ వెనకా చదివితేనే.

అభ్యాసం: 479లో షియావ్ దావోచెంగ్‌కి గద్దె అప్పగించిన ల్యూ జున్ (ల్యూ యూ స్థాపించిన సోంగ్ వంశపు చివరి చక్రవర్తి) కథ వెతకండి. గద్దె ఎక్కించింది ఎవరు, దింపింది ఎవరు, ఆ తర్వాత ఎన్నాళ్లు బతికాడు, ఈ మూడూ రాసి పెట్టుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే.