ఆవ ఊటలో కీరా చేదెక్కిందా? ముందు ముక్క కొరికి చూడండి

ఫ్రిజ్‌లో పెట్టుకునే కీరా ఊరగాయకి మా ఇంట్లో వెనిగర్ నీళ్లలో ఆవపిండి, అనకాపల్లి బెల్లం, ఎండుమిర్చి కలుపుతాం. బెల్లం ఆవకాయ తిని పెరిగిన విజయనగరం నాలుకకి ఉత్త ఉప్పూ వెనిగరూ ఎక్కడానుతాయి? ఈ ఊట రుచి చూసినవాళ్లు ఇంటికెళ్లి పెట్టుకుంటారు, రెండ్రోజులకి సీసా ఫోటో పంపుతారు, చేదొచ్చింది ఏం చెయ్యమంటావని. ఫోటోలో చేదు కనిపించదు కదా! నేను అడిగేది ఒక్కటే: కోసినప్పుడు పచ్చి ముక్క నోట్లో వేసుకున్నారా? లేదంటారు. ఎప్పుడూ లేదనే అంటారు.

చేదు: కాయదా, ఊటదా?

ప్రతి కాయకీ తొడిమ వైపు నుంచి ఒక ముక్క తినండి. ఎండకి, నీటి ఎద్దడికి ఓర్చిన కాయలో చేదెక్కువ, అదీ తొడిమ దగ్గరే ముదురుతుంది. కొన కోసి నురగ వచ్చేదాకా రుద్దడం మనకి అలవాటే గానీ, కాయంతా చేదైతే ఎంత రుద్దినా పోదు. పారెయ్యండి. ఒక్క చేదు కాయ సీసా అంతటినీ పాడుచేస్తుంది.

సీసా పెట్టేశాక తెలిసిందా? మొదటి రోజే అయితే కనిపెట్టొచ్చు. ఒక ముక్క తీసి కుళాయి కింద కడిగి, మధ్యలో కొరకండి. తర్వాత ఊట ఒక చెంచా విడిగా నాకండి. ముక్క చేదుగా ఉంటే కాయది తప్పు. ముక్క బాగుండి ఊట చేదైతే తప్పు ఆవది. నాలుగు రోజులు గడిస్తే రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఇక కనిపెట్టలేం.

ఆవ చేదు: నన్ను రెండుసార్లు ముంచింది ఇదే

సిరిమాను పండక్కి చుట్టాలొస్తారని ఒకసారి మూడు సీసాలు పెట్టాను. కాయలన్నీ రుచి చూశాను, అన్నీ తియ్యనివే. బెల్లం, ఉప్పు, వెనిగర్ మరిగించి, ఆ మరుగులోనే రెండు చెంచాల పొడి ఆవపిండి వేసి ముక్కల మీద పోశాను. మర్నాడు చూస్తే ఘాటు లేదు, నాలుక వెనక మాత్రం పట్టుకుని వదలని చేదు. బెల్లం ఇంకొంచెం వేస్తే సరిపోతుందనుకున్నాను. కాకరకాయ బెల్లం కూరలా తయారైంది.

మా అత్తమ్మ చెంచాతో ఊట నోట్లో వేసుకుని నన్ను చూసింది.

"పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడెడతావే?"

"దించాక, అత్తమ్మా."

"మరి దీన్ని మరగబెట్టీసినావేటి?"

పెళ్లి వంటల్లో కూర దించి చల్లార్చాకే ఆవ పెడతారని తెలిసి కూడా, సీసా చేతికొచ్చేసరికి మర్చిపోయాను. వెనిగర్ ఊరగాయలన్నిటికీ "మరిగిన నీళ్లు పోయండి" అని చెబుతారు, అదే పట్టుకున్నాను. ఆ పద్ధతి ముక్కల మధ్య గింజలుగానే కనబడే, పొడి కొట్టని ఆవాలకి. గింజ పగలదు కాబట్టి చేదు ఊటలోకి అంతగా దిగదు. పొడి కొడితే లెక్క మారిపోతుంది.

ఆవాల్లో ఘాటు ముందుగా ఉండదు. ఉండేది సినిగ్రిన్ అనే చేదు పదార్థం. గింజ నలిగి చల్లటి నీళ్లు తగిలితే, అందులోనే ఉన్న మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఆ చేదుని విడగొట్టి ముక్కుకెక్కే ఘాటుగా మారుస్తుంది. మరిగే నీళ్లు పడితే ఎంజైమ్ చచ్చిపోతుంది. చేదు చేదుగానే మిగులుతుంది.

రెండోసారి జాగ్రత్తపడి ఊట చల్లార్చాను. పొడి నేరుగా ఆ చల్లని వెనిగర్‌లో కలిపాను. మళ్లీ అదే చేదు, కాస్త తక్కువ. పులుపు కూడా ఆ ఎంజైమ్‌ని పని చెయ్యనివ్వదని అప్పుడు తెలిసింది. అందుకే వరస ఇది: ముందు చల్లటి నీళ్లు, తర్వాత కాసేపు ఆగడం, ఆఖర్న వెనిగర్.

అరకిలో కీరాకి నా కొలత: 250 మిల్లీలీటర్ల వెనిగర్, 200 నీళ్లు, 60 గ్రాముల బెల్లం, 25 గ్రాముల ఉప్పు, ఏడెనిమిది ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ఆవాలు. వేయించని ఆవాలు చిన్న జార్‌లో వేసి ఒక్కసారి తిప్పి ఆపండి, మళ్లీ తిప్పి ఆపండి. జార్ అడుగుకి వేళ్ల వెనకభాగం ఆనించి చూడండి, వేడి తగిలిందంటే ఆగాలి. ముందే నానబెట్టుకున్న ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు చేర్చి మళ్లీ ఒక తిప్పు. నాలుగు చెంచాల చల్లటి నీళ్లతో ముద్ద కలిపి పది నిమిషాలు మూతపెట్టండి. మూత తీసి వాసన చూడండి. కళ్లలో నీళ్లు తిరగాలి. తిరగలేదా, ఆవాలు పాతవి, ఆ ముద్ద వెయ్యకండి.

బెల్లం, ఉప్పు నీళ్లలో మరిగించి వడకట్టండి, బెల్లంలో ఇసుక తప్పదు. దించి వెనిగర్ పోసి, గిన్నె పూర్తిగా చల్లారాక ముద్ద కలపండి. ఆత్రపడి వేడి మీద కలిపితే, పుట్టిన ఘాటు కాస్తా ఆవిరితో లేచిపోతుంది.

చేదైన సీసాని బాగుచేయొచ్చా అంటే, ముక్కలు కడిగి కొత్త ఊట పోసుకోవడమే. పాత ఊటకి చికిత్స లేదు.

ముక్క మెత్తబడింది

తొడిమ అందరూ కోస్తారు, పువ్వు రాలిన అవతలి కొన వదిలేస్తారు. మెత్తబరిచే ఎంజైములు ఉండేది అక్కడే. ఒక పలచని చక్రం కోసి పారెయ్యండి. రెండో కారణం వెనిగర్ పలచబడటం: కాయ వదిలే నీరు కూడా కలుస్తుంది కాబట్టి, వెనిగర్ సీసా మీద పులుపు 4 శాతం అని ఉంటే మీరు పోసే నీళ్లు తగ్గించాలి.

ఉప్పు ఎక్కువైంది

చెంచాలతో కొలిచారు. నౌపడ కళ్లుప్పు చెంచాకి తక్కువ పడుతుంది, మెత్తుప్పు ఎక్కువ పడుతుంది. తూచండి.

మిగతావి

ఊట మసకగా ఉందా, ఆవపిండి వేశారు, అలాగే ఉంటుంది. వెల్లుల్లి కూడా వేసుంటే, అది నీలంగా, ఆకుపచ్చగా మారిందా, పులుపు తగిలితే అలా అవుతుంది, తినొచ్చు. లోహం రుచి వస్తే అల్యూమినియం గిన్నెలో వెనిగర్ పోసి ఉంటారు, స్టీలుది వాడండి. కారం ఎక్కలేదంటే మూడు రోజులు కాలేదన్నమాట.

బుడగలొచ్చి మూత పొంగిందంటే మాత్రం ఊరగాయే కదా అని గట్టు మీద పెట్టారు. ఇది ఆవకాయ కాదు, నూనె లేదు, ఉప్పు తక్కువ, పైగా బెల్లం ఉంది. మొదటి గంట నుంచీ ఫ్రిజ్‌లోనే ఉండాలి, మూడు వారాల్లో తినేయాలి. బూజు కనబడితే పైపొర తీసి కింద తినకండి, సీసా మొత్తం పారబోయండి.