అడ్రినల్ గడ్డ: రిపోర్టులో ఏ మార్కర్లు చూడాలి, ఎలా చేయించాలి

అడ్రినల్ (కిడ్నీ మీదుండే గ్రంథి) గడ్డ తీయించుకున్నాక చేతికొచ్చే హిస్టోపాథాలజీ (ముక్క పరీక్ష) రిపోర్టులో ఇంటివాళ్లు వెతికేది ఒకటే: క్యాన్సరా, కాదా? ఈ గ్రంథి విషయంలో ఆ ఒక్క జవాబు సరిపోదు. గడ్డ మళ్లీ వస్తుందా, పాకుతుందా అన్నది కింద రాసే మార్కర్లని (గడ్డ గుణం చెప్పే రంగు, జీన్ పరీక్షల్ని) బట్టి తెలుస్తుంది. అవి చేయకపోయి ఉంటే తర్వాతైనా చేయించవచ్చు, ముక్క చెడిపోకుండా ఉంటే.

స్కాన్‌లో గడ్డ కనబడగానే సూదితో ముక్క తీయమని తొందరపెట్టకండి. అది ఫియోక్రోమోసైటోమా (బీపీ పెంచే హార్మోన్లు వదిలే గడ్డ) అయితే సూది తగలగానే బీపీ పైకెగిసి ప్రాణం మీదికి వస్తుంది. ముందు మెటానెఫ్రిన్స్ (ఆ హార్మోన్లు విరిగి వచ్చే పదార్థాలు) చూడాలి. రక్తంలో చూస్తే 20-30 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, ఆ తర్వాతే తీయాలి. విశాఖ కేజీహెచ్ డౌన్‌లో ఎండన పడి ల్యాబుకి వచ్చి, కుర్చీలో కూర్చునే చెయ్యి చాపితే లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. అమిట్రిప్టిలిన్ (డిప్రెషన్‌కి ఇచ్చే మందు) లాంటి మాత్రలూ అంతే. వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, సొంతంగా మానేయకండి. 24 గంటల మూత్రమైతే పొద్దున మొదటిది వదిలేసి, మర్నాడు అదే టైముకి వచ్చింది క్యానులో కలపాలి. క్యాను అడుగున ల్యాబువాళ్లు పోసిచ్చేది యాసిడ్, కడిగి పారబోయకండి.

తీసిన గడ్డ దానికి పదింతల 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో (కణజాలం కుళ్లకుండా ఉంచే మందు) మునగాలి. పెద్ద గడ్డని అలాగే డబ్బాలో వేసి రెండ్రోజులు వదిలేస్తే మందు లోపలికి ఇంకేలోపే మధ్యభాగం పాడవుతుంది, అందులోని డీఎన్ఏ పరీక్షకి పనికిరాదు. అలాగని థియేటర్లోనే కోసేస్తే అంచులు తెలియవు. అంచులకి ఇంకు పూసి కోసేది పాథాలజిస్టే కాబట్టి గడ్డ ఆ రోజే ల్యాబు చేరాలి.

రిపోర్టులో మొదట తేల్చుకోవాల్సింది గడ్డ పుట్టింది కార్టెక్స్‌లోనా (గ్రంథి బయటి పొర), మెడుల్లాలోనా (లోపలి భాగం) అన్నది. దీన్ని ముక్కకి వేసే స్టెయిన్లు (రంగు పరీక్షలు) చెబుతాయి. ఎస్ఎఫ్-1, ఇన్హిబిన్, మెలాన్-ఎ పాజిటివ్ అయితే కార్టెక్స్. క్రోమోగ్రానిన్ పాజిటివ్ అయితే మెడుల్లా. సినాప్టోఫైసిన్ రెండింటిలోనూ రావచ్చు, దాన్నిబట్టి తేల్చకూడదు.

కార్టెక్స్ గడ్డలో వైస్ స్కోరు చూడండి. మైక్రోస్కోపులో చూసే తొమ్మిది లక్షణాల్లో మూడు, అంతకు మించి ఉంటే కార్సినోమా (క్యాన్సర్). ఆ తర్వాత అసలు అంకె కేఐ-67. కణాలు ఎంత జోరుగా విభజన అవుతున్నాయో ఇది చెబుతుంది, అందుకే ఎక్కువగా రంగు పట్టిన చోట లెక్కపెట్టాలి. కంటి అంచనాతో ‘5-15 శాతం’ అని రాసిస్తే ఒప్పుకోకండి. వైద్యం 10, 20 గీతల దగ్గర మారిపోతుంది కాబట్టి ఒకే అంకె కావాలి.

ఆ అంకెని ఎస్-గ్రాస్ (ముందుముందు ముప్పు ఎంతో చెప్పే స్కోరు) లెక్కలో వేస్తారు. వయసు 50, ఆ పైన అయితే 1. గడ్డవల్ల లక్షణాలుంటే 1. స్టేజి 3 అయితే 1, స్టేజి 4 అయితే 2. గడ్డ పూర్తిగా తీసిన ఆర్0 కి సున్నా, మిగిలిందో లేదో తెలియని ఆర్ఎక్స్ కి 1, మైక్రోస్కోపులోనే కనబడేంత మిగిలిన ఆర్1 కి 2, కంటికి కనబడేంత మిగిలిన ఆర్2 కి 3. కేఐ-67 10-19 అయితే 1, 20, ఆ పైన 2. ఉదాహరణకి 54 ఏళ్ల మనిషి, కార్టిసాల్ లక్షణాలు, స్టేజి 3, ఆర్0, కేఐ-67 25: మొత్తం 5. ముప్పు పెరిగే వరసలో గ్రూపులు 0-1, 2-3, 4-5, 6-9. ఈయన మూడోదాంట్లో పడతాడు. అంచులు రాయని రిపోర్టు ఊరికే ఒక పాయింటు పెంచుతుంది, కాబట్టి సర్జన్ నోట్స్ కూడా పాథాలజిస్టుకి అందేలా చూడండి. ఆర్0 అయి, కేఐ-67 10 దాటకుండా, వేరే అవయవాలకి పాకని వాళ్లకి ముందు జాగ్రత్తగా ఇచ్చిన మైటోటేన్ (ఈ క్యాన్సర్‌కి వాడే మందు) వల్ల లాభం కనబడలేదని 2023లో వచ్చిన ట్రయల్ చెప్పింది. మందు వాడేవాళ్లకి రక్తంలో లెవెల్ 14-20 మి.గ్రా./లీటరు ఉండాలి. పి53, బీటా కెటెనిన్ స్టెయిన్లు తేడాగా ఉంటే జోరు ఎక్కువన్న అనుమానం. పిల్లల్లో ఈ క్యాన్సర్ వస్తే టీపీ53 జీన్ రక్తంలో చూడకుండా వదలకూడదు.

మెడుల్లా గడ్డకొస్తే (అంటే ఫియోక్రోమోసైటోమా), రిపోర్టులో ‘బెనైన్’ (క్యాన్సర్ కాదు) అని ఉన్నా ఫాలోఅప్ మానకండి. ఏ ఫియోక్రోమోసైటోమా అయినా పాకవచ్చన్నదే ఇప్పటి డబ్ల్యూహెచ్ఓ లెక్క. ఇక్కడ అడిగి చేయించాల్సింది ఎస్‌డీహెచ్‌బీ స్టెయిన్. ఎస్‌డీహెచ్ జీన్లలో లోపముంటే ఈ ప్రొటీన్ గడ్డ కణాల్లో కనబడదు. గడ్డ కణాల్లో గోధుమ రంగు చుక్కలు పోయి, పక్కనున్న రక్తనాళాల గోడల్లో మాత్రం ఉంటేనే అది నిజమైన నష్టం. రెండు చోట్లా లేకపోతే స్టెయిన్ ఫెయిలైనట్టే, మళ్లీ వేయించాలి. నష్టం తేలితే ఈడీటీఏ ట్యూబులో రక్తం ఇచ్చి జీన్ పరీక్ష. స్టెయిన్ మామూలుగా ఉన్నా జీన్ పరీక్ష అవసరమే, ఆర్ఈటీ, వీహెచ్ఎల్ లాంటి వేరే జీన్ల మార్పులు ఈ స్టెయిన్‌లో దొరకవు. జీన్‌లో మార్పు ఉంటే అది ఒక్కొక్క బిడ్డకీ వచ్చేందుకు సగం అవకాశం. ఎస్‌డీహెచ్‌డీ జీన్ అయితే తండ్రి నుంచి వచ్చినప్పుడే సాధారణంగా జబ్బు పైకి వస్తుంది. ఎస్‌డీహెచ్‌బీ మార్పున్నవాళ్లకి పాకే ముప్పు ఎక్కువ, వాళ్లకి ఏటా మెటానెఫ్రిన్స్ పరీక్ష జీవితాంతం.

విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి రెండో అభిప్రాయానికి వెళ్లినా, హైదరాబాదు ల్యాబుకి పంపినా, రిపోర్టు జిరాక్సు ఒక్కటీ చాలదు. ఆపరేషన్ చేసిన చోట అర్జీ పెట్టి స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (మైనంలో పోసి ఉంచిన గడ్డ ముక్కలు) తీసుకోండి. గడ్డ ఎక్కువ, చచ్చిన కణజాలం తక్కువ ఉన్న బ్లాకు ఏదో పాథాలజిస్టునే గుర్తు పెట్టమనండి. మే నెలలో బ్లాకుల్ని కారు డాష్‌బోర్డు మీద వదిలితే మైనం మెత్తబడుతుంది, చేతి సంచిలోనే ఉంచండి. ఉన్నవన్నీ ఒకే ల్యాబుకి పంపకుండా ఒక మంచి బ్లాకు వెనక ఉంచి, పంపినవాటి నంబర్లు రాసుకుని రసీదు తీసుకోండి.