బిట్‌కాయిన్ మొదటి మెట్లు – నాలుగో పాఠం: పన్నెండు పదాలు, రెండు రైట్లు

ఈ వారం బిట్‌కాయిన్ ఖాతా పుస్తకంలోని పేజీలు, అంటే బ్లాకులు, ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో చెబుదామనుకున్నాను. దానికి చివర్లో కాస్త చోటు ఇస్తాను. మూడో పాఠం చూసి వాలెట్ (బిట్‌కాయిన్ తాళంచెవిని దాచే ఫోన్ యాప్) పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఒకే చోట తడబడ్డారు. కొందరి తడబాటుకు నేనిచ్చిన పోలికే కారణం. ముందు దాన్ని సరిచేయాలి.

ఆ పోలిక గుర్తుండే ఉంటుంది. మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో ఉంటాయి, మన దగ్గర బాండు, అంటే సరుకు రసీదు ఉంటుంది. అలాగే బిట్‌కాయిన్ మీ ఫోన్‌లో ఉండదు, అందరికీ కనిపించే ఖాతా పుస్తకంలో ఉంటుంది, మీ దగ్గర ఉండేది తాళంచెవి మాత్రమే అన్నాను. వాలెట్ పెట్టేటప్పుడు యాప్ చూపే పన్నెండు ఇంగ్లీషు పదాలను కాగితం మీద రాసుకోమన్నాను. గుంటూరు వాళ్లకు ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదనుకున్నాను. సోమవారం పొద్దున్నే మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన ఫోన్ చేశారు.

"మాస్టారూ, బాండు పోతే మేం స్టోరేజీకెళ్లి అర్జీ రాసిస్తాం. వాళ్లు రిజిస్టర్ తీసి, పేరు, లాట్ నంబరు చూసుకుని ఇంకో కాగితం ఇస్తారు. మరి ఈ పన్నెండు పదాల కాగితం పోతే ఎవరి దగ్గరికెళ్లాలి?"

ఎవరి దగ్గరికీ వెళ్లలేం. నా పోలిక సరిగ్గా ఇక్కడే తెగిపోతుంది. స్టోరేజీ రిజిస్టర్‌లో మీ పేరు ఉంటుంది, ఓనరు మిమ్మల్ని ముఖం చూసి గుర్తుపడతాడు. బిట్‌కాయిన్ ఖాతా పుస్తకంలో 2009 జనవరి 3న పడిన మొదటి బ్లాకు నుంచి ఈ రోజు దాకా ఒక్కరి పేరూ లేదు. ఉన్నవి అడ్రసులు (డబ్బు అందుకునే అక్షరాలు, అంకెల వరుసలు), మొత్తాలు. ఆ పుస్తకం నకలు ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉంది కానీ, మీకు డూప్లికేట్ రాసిచ్చే అధికారం వాటిలో ఏ ఒక్కదానికీ లేదు. తాళంచెవితో సంతకం చేయగలిగినవాడినే అది యజమానిగా చూస్తుంది. ఆ తాళంచెవి పుట్టేది మీ పన్నెండు పదాల్లోంచి.

బాండు పోలిక అతికినట్టు సరిపోయేది ఎక్స్ఛేంజికి, అంటే బిట్‌కాయిన్ కొనడానికి, అమ్మడానికి వీలిచ్చే కంపెనీకి. అక్కడ మీ పాన్, ఆధార్ ఉంటాయి. పాస్‌వర్డ్ మర్చిపోతే మీరెవరో తేల్చుకుని మళ్లీ ఇస్తారు. ఆ సౌకర్యం నిజమే, కానీ సరుకు వాళ్ల చేతుల్లో ఉంటుంది. 2014లో టోక్యోలోని మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజి దివాలా తీసినప్పుడు దాదాపు 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనబడటం లేదన్నారు, తర్వాత వాటిలో సుమారు 2 లక్షలు దొరికాయి. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజి దివాలా పిటిషన్ వేసింది. రెండుచోట్లా అప్పటికి ఖాతాదారుల చేతిలో మిగిలింది స్క్రీన్ మీది అంకె. నేను డబ్బు పెట్టిన ఒక ఎక్స్ఛేంజి కూడా ఒకసారి కొన్ని వారాలపాటు విత్‌డ్రాలు ఆపేసింది. నా డబ్బు రోజూ కనబడేది, తీసుకునే దారి మాత్రం లేదు. అప్పటి నుంచి ఎక్స్ఛేంజిని కొనడానికి, అమ్మడానికి మాత్రమే వాడుతున్నాను. దాచుకోవడం నా వాలెట్‌లోనే. ఈ పాఠాలన్నీ ఆ పద్ధతి మీదే నడుస్తాయి, వేరే పద్ధతి నచ్చినవాళ్లు ఇది గమనించండి.

ఎక్స్ఛేంజిలో అకౌంట్ తెరవడం, కేవైసీ లాంటివి నేను చెప్పను. యూపీఐ వాడేవాళ్లకు అది కష్టం కాదు. ఒక్క బిట్‌కాయిన్ మొత్తం కొనాలా అని ఇంకా అడుగుతున్నారు. అక్కర్లేదు. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు, మీకు వీలైనన్ని కొనుక్కోండి.

ఇక అసలు సంగతి. గతవారం ఇచ్చిన పని ఇదీ: ఖాళీ వాలెట్ పెట్టి, పన్నెండు పదాలు కాగితం మీద రాసి, మొదటి అడ్రస్‌లో చివరి ఆరు అక్షరాలు పక్కన రాసుకుని, యాప్ తీసేసి, పదాలతో మళ్లీ తెరవాలి. అడ్రస్ చివర అవే ఆరు అక్షరాలు కనబడితే పాసైనట్టు.

బ్రాడీపేట నుంచి రిటైరైన తెలుగు టీచర్ ఒకరు ఇంటికే వచ్చారు. కాగితం నాకు చూపించకండి అనేలోపే బల్ల మీద పెట్టేశారు. ఖాళీ వాలెట్టే కాబట్టి చూశాను. గీతల నోటుబుక్కులోంచి చించిన కాగితం, ముత్యాల్లాంటి చేతిరాత, పన్నెండు పదాలూ తెలుగు లిపిలో. ఏడో పదం 'రైట్'.

"ఇది ఏ రైట్ అమ్మా?" అన్నాను.

"అదేమిటి బాబూ, రైట్ అంటే రైటే కదా?"

ఆ పదాలు వచ్చేది 2048 ఇంగ్లీషు పదాలున్న ఒక స్థిరమైన జాబితాలోంచి. అందులో కుడివైపు అని అర్థమిచ్చే రైట్ ఉంది, రాయడం అని అర్థమిచ్చే రైట్ కూడా ఉంది. ఒకటి ఆర్‌తో మొదలవుతుంది, రెండోది డబ్ల్యూతో. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. ధరించడం అనే వేర్, ఎక్కడ అనే వేర్ కూడా రెండూ ఉన్నాయి. ఎంత అందంగా రాసినా తెలుగు లిపి ఈ తేడాను చూపలేదు, ఎందుకంటే మనం రాసేది శబ్దాన్ని. వాలెట్‌కు కావలసింది స్పెల్లింగు.

ఈ తప్పు ఆమె ఒక్కరే చేసి ఉంటే ఇంత రాయను. నలుగురు చేశారు. తెలుగులో రాస్తే దొంగకు అర్థం కాదు, రహస్యంగా ఉంటుంది అని ఒకాయన వాదించారు కూడా. గుంటూరులో దొంగకు తెలుగు రాదా? రేపు మీ అబ్బాయి హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని ఆ కాగితం చదవాల్సి వస్తే ఇబ్బంది పడేది అతనే. ఆ జాబితాను తయారు చేసినవాళ్లు ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కాకుండా జాగ్రత్తపడ్డారు. చివర అక్షరం చెరిగినా మొదటి నాలుగు కనబడితే పదం తెలిసిపోతుంది. తెలుగులో రాయగానే ఆ రక్షణ మొత్తం పోతుంది. ఆ ప్రమాణంలో జపనీస్, కొరియన్, ఫ్రెంచ్ జాబితాలున్నాయి, తెలుగు జాబితా లేదు. అందుకని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, విడివిడిగా, ఒక్కో పదం ఒక్కో వరుసలో రాయండి.

ఆమె వాలెట్ తెరుచుకుంది. ఆర్‌తో ఉన్న రైట్ పెడితే యాప్ ఒప్పుకోలేదు, డబ్ల్యూతో ఉన్నది పెడితే తెరుచుకుంది, ఆరు అక్షరాలూ కలిశాయి. యాప్‌కు ఎలా తెలిసిందంటే, 2048లో ఒక పదాన్ని ఎంచడానికి 11 బిట్లు (0 లేదా 1 అంకెలు) చాలు, పన్నెండు పదాలకు 132 బిట్లు. అందులో 128 అసలు సంఖ్య, మిగిలిన 4 ఆ సంఖ్యను సరిచూసే తనిఖీ అంకె. తప్పు పదం పెడితే ఆ తనిఖీ దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. పదహారింట ఒకసారి మాత్రం తప్పు పదాన్ని కూడా ఒప్పుకుని వేరే ఖాళీ వాలెట్ తెరుస్తుంది. జీరో చూసి కంగారుపడేది అప్పుడే. ఆ ఆరు అక్షరాలు రాయమన్నది అందుకే, ఎవరూ వదిలేయకండి. పని అయ్యాక ఆమె చేత ఆ వాలెట్ వదిలేయించి కొత్తది పెట్టించాను, నేను చూసేశాను కాబట్టి.

నంబర్లు వేయకపోవడం దీని తర్వాతి తప్పు. ఒకరు ఆరేసి పదాలు రెండు వరుసలుగా రాసుకున్నారు. వారం తిరిగేసరికి పైనుంచి కిందికి రాశారో, ఎడమ నుంచి కుడికి రాశారో గుర్తులేదు. అది రెండు ప్రయత్నాల్లో తేలింది. పదాలు చీటీలుగా చినిగి కలిసిపోతే పన్నెండు పదాలను 47,90,01,600 రకాలుగా పేర్చవచ్చు. కంప్యూటర్‌తో వెతికించవచ్చు గానీ, దానికి మీ పదాలన్నీ ఇంకొకరి ప్రోగ్రాం చేతిలో పెట్టాలి. పదం పక్కన 1, 2, 3 వేయడానికి అర నిమిషం పట్టదు.

స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు ఆ వాలెట్ వదిలేసి కొత్తది పెట్టుకోండి. ఫోటో చెరిపేస్తే చాలదు, ఫోన్ ఈపాటికే దాన్ని క్లౌడ్‌కు ఎక్కించి ఉండొచ్చు. కస్టమర్ కేర్ అంటూ ఎవరైనా ఆ పదాలు అడిగితే, ఎంత మర్యాదగా మాట్లాడినా అది దొంగతనమే.

ఎక్కడ దాచాలన్నది విజయవాడ వాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. కింది అంతస్తుల ఇళ్లలో బీరువాల్లోకి నీళ్లొచ్చాయి. మా బంధువులు ఇంటి దస్తావేజులు ఒక్కో పేజీ విడదీసి మంచం మీద, ఫ్యాను కింద ఆరబెట్టారు. స్టాంపు పేపరు మీది అచ్చు నిలిచింది. జెల్ పెన్నుతో రాసిన చిట్టీలు నీలి మరకలైపోయాయి. నేను పదాలు పెన్సిల్‌తో రాస్తాను, తడిస్తే ఆ రాత కారిపోదు. రెండు కాగితాలు రాసి, ఒకటి గుంటూరులో నా దగ్గర, ఇంకొకటి కవరులో అంటించి విజయవాడలో మా అక్కయ్య దగ్గర పెట్టాను. మధ్యలో 30 కిలోమీటర్లకు పైగా దూరం, కృష్ణ ఉన్నాయి. ఒకే విపత్తు రెండిళ్లనూ తాకే అవకాశం తక్కువ.

స్టీలు రేకు ఇంకా మంచిదని గతవారం ఒక్క మాట అన్నాను. దాని మీద ఒకతను స్టీలు సామాన్ల కొట్టుకెళ్లి, పెళ్లి గిన్నెల మీద పేర్లు కొట్టే కుర్రాడి చేత పన్నెండు పదాలూ కొట్టించుకొచ్చాడు. "చాలా నీట్‌గా కొట్టాడు సార్" అని సంతోషంగా చెప్పాడు. అక్షరాలు నిజంగానే నీట్‌గా ఉండి ఉంటాయి. కానీ ఆ పదాలు ఇంకో మనిషి చదివి, చేతితో చెక్కాడు. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు, అయినా ఆ వాలెట్ ఇక వాడకూడదు. చెక్కే పెన్ను హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఇంట్లో తలుపేసుకుని మీరే చెక్కండి. పదానికి మొదటి నాలుగు అక్షరాలు చాలు, ఎందుకో పైన చెప్పాను.

కొంత మొత్తం వేసుకున్నవాళ్లు "నిన్నటి అడ్రస్ మారిపోయింది" అని టెన్షన్ పడ్డారు. చాలా వాలెట్లు డబ్బు అందిన ప్రతిసారీ కొత్త అడ్రస్ చూపిస్తాయి. పాతవన్నీ అవే పన్నెండు పదాల కిందే ఉంటాయి, పనిచేస్తాయి.

ఇక బ్లాకుల ముడి. కిరాణా కొట్టు చిట్టా తెలుసు కదా, పేజీ అడుగున మొత్తం వేసి, తర్వాతి పేజీ తల మీద దాన్నే ఎత్తి రాస్తారు. మూడో పేజీలో ఒక అంకె దిద్దితే నాలుగు, ఐదు అన్నీ దిద్దాలి. బ్లాకుకు మొత్తం బదులు హాష్ ఉంటుంది. షా-256 అనే లెక్క బ్లాకు తలభాగమంతా (హెడర్) నమిలి 64 అక్షరాల ముద్ర ఇస్తుంది, తర్వాతి బ్లాకు తలమీద ఆ ముద్ర పడుతుంది. లోపల ఒక్క సున్నా మారినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కొత్త బ్లాకు కలపాలంటే కంప్యూటర్లు కష్టమైన లెక్క ఒకటి తేల్చాలి. సగటున 10 నిమిషాలకు ఒక బ్లాకు పడేలా ఆ లెక్క కష్టాన్ని సాఫ్ట్‌వేరే 2016 బ్లాకులకోసారి సర్దుతుంది. పాత పేజీ దిద్దాలనుకున్నవాడు ఆ కష్టమంతా మళ్లీ పడుతూ, ముందుకు పోతున్న అందరినీ దాటాలి. ఫీజుల సంగతితో కలిపి దీన్ని వచ్చే వారం విడిగా చెబుతాను. క్రిప్టో నాణేల మీది 30 శాతం పన్ను, 1 శాతం టీడీఎస్ గురించి అడిగినవాళ్లు ఆరో పాఠం దాకా ఆగండి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకో నాణెం లాభంలో తీసేయడం కుదరదన్నది మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకుని కొనండి.

అభ్యాసం ఒక్కటే, కానీ ఒక ఆదివారం మొత్తం పడుతుంది. పన్నెండు పదాల కాగితంతో పాటు, వాలెట్ ఎలా తెరవాలో మీ మాటల్లో ఒక పేజీ రాయండి. ఏ యాప్, ఎక్కడ నొక్కాలి, ఆరు అక్షరాలు దేనితో పోల్చాలి, అన్నీ. ఈ పేజీ తెలుగులో రాయండి, పదాలు మాత్రం ఇంగ్లీషులోనే. ఫోన్‌లోంచి వాలెట్ తీసేసి, ఆ రెండు కాగితాలూ ఇంట్లో దీని గురించి ఏమీ తెలియనివాళ్లకు, భార్యకో భర్తకో అమ్మకో ఇచ్చి, మీరు పక్క గదిలోకి వెళ్లండి. వాలెట్ ఖాళీగా ఉన్నప్పుడే చేయండి. వాళ్లు పిలిచినా లేవకండి, గోడ అవతల నుంచి సూచనలు ఇవ్వకండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అడిగి, ఆ వాక్యాన్ని తిరగరాసి, మళ్లీ ఇవ్వండి. వాళ్లంతట వాళ్లు తెరిచి ఆరు అక్షరాలూ మీకు చదివి వినిపించే వరకు ఆ వాలెట్‌లో ఒక్క రూపాయి కూడా వేయకండి.